ఇంటి ఉప్పునీటి తొట్టిలో పగడాలు పెంచి అమ్మడం: ఏర్పాటు నుంచి పార్శిల్ దాకా

కొత్త పగడాలుగా పెంచే ముక్కల కోసం పగడాన్ని ఎలా కోయాలని అడిగేవారు చాలామంది ఉన్నారు. నిజానికి కోత అయిదు నిమిషాల పని. దానికి ముందు నీటిని నిలకడకు తెచ్చే నెలలు, కోసిన తర్వాత గాయం మానే వారాలు, ఈ రెండింటి మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో కత్తి ఏడో అంచెలో గాని చేతికి రాదు. తొట్టిలో 100 నుంచి 200 లీటర్ల నీరు ఉండి, ఇంట్లోనే కొద్దికొద్దిగా ముక్కలు పెంచి అమ్మాలనుకునేవారి కోసం దీన్ని రాశాను. అంచెలను వరుస తప్పకుండా పాటించండి.

1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది చట్టం. రాతి పగడాలన్నీ, అడవి జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. అంటే మీ ఇంటి తొట్టిలో పుట్టి పెరిగిన ముక్క అయినా, అనుమతి పత్రాలు లేకుండా దేశ సరిహద్దు దాటకూడదు. దేశం లోపలి నియమాలు వేరుగా ఉంటాయి. ఉదాహరణకు భారతదేశంలో రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణలో ఉన్నాయి కాబట్టి అక్కడ వాటి వ్యాపారానికి చట్టం ఒప్పుకోదు. మీరున్న చోట ఏ రకాలను ఉంచుకోవచ్చో, ఏవి అమ్మవచ్చో వన్యప్రాణి శాఖను అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు పెట్టండి. అనుమతి లేని చోట ఈ పనికి పూనుకోవద్దు.

రెండోది ఆరోగ్యం. జోవాలు (గుంపులుగా పెరిగే మెత్తని పగడాలు), ముఖ్యంగా వాటికి దగ్గరి చుట్టమైన పాలిథోవాలు కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే చాలా తీవ్రమైన విషం ఉంటుంది. ఇంట్లో పసిపిల్లలు గాని, పెంపుడు జంతువులు గాని ఉంటే, కోతకు వాడే బల్లను వారికి అందని గదిలో ఏర్పాటు చేసుకోండి. వంటగదిలో, భోజనాల బల్ల మీద ఈ పని అసలే చేయకూడదు.

మూడోది సమయం. తొట్టి నింపిన రోజు నుంచి మొదటి ముక్క అమ్మే వరకు ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా పడుతుందని ముందే అనుకోండి. ఆ లోపల ఆదాయం ఉండదు, ఖర్చు మాత్రం ఉంటుంది.

2. తొట్టి, పరికరాలు

తల్లి పగడాలకు ఒక చోటు, కోసిన ముక్కలకు మరో చోటు కావాలి. రెండో తొట్టికి స్థలం లేకపోతే, ఉన్న తొట్టిలోనే ఒక వైపు గాజుకు అయస్కాంతంతో అంటుకునే అర అమర్చుకుంటే సరిపోతుంది. లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉన్న తొట్టి ఈ పనికి బాగా నప్పుతుంది. వెలుతురు అన్ని మూలలకూ సమంగా పడుతుంది, చెయ్యి అడుగు దాకా అందుతుంది.

సమకూర్చుకోవలసినవి ఇవి:

- ఆర్‌ఓ, డీఐ రెండు దశలూ ఉన్న నీటి శుద్ధి యంత్రం. టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల కొలత) మీటరు మీద 0 చూపే నీటినే వాడాలి
- రిఫ్రాక్టోమీటరు (నీటి ఉప్పదనం కొలిచే పరికరం), దాన్ని సరిచూసుకోవడానికి 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు) ప్రామాణిక ద్రావణం
- హీటరు, దానికి విడిగా ఒక ఉష్ణోగ్రత నియంత్రకం
- నీటిని రెండు వైపుల నుంచి కదిలించే చిన్న వేవ్‌మేకర్లు రెండు
- ప్రోటీన్ స్కిమ్మర్ (నురుగుతో మురికిని బయటికి తీసే పరికరం)
- ఆవిరైన నీటిని తనంతట తానే భర్తీ చేసే ఆటో టాప్ ఆఫ్
- ఆల్కలినిటీ (నీటిలోని కార్బనేట్ల కొలత, దీన్ని డీకేహెచ్‌లలో చెబుతారు), కాల్షియం, మెగ్నీషియం, నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్ష కిట్లు
- కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ గాలి పంపు

ఈ జాబితాలో ఆటో టాప్ ఆఫ్ విలాసం అనుకొని వదిలేసేవారు ఎక్కువ. చిన్న తొట్టికి అదే ప్రాణం. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. రెండు రోజులు నీరు పోయడం మరిచిపోతే లవణీయత పెరుగుతుంది, గుర్తొచ్చి ఒక్కసారిగా పోస్తే పడిపోతుంది. పెద్ద తొట్టి ఈ ఊగిసలాటను కొంత తట్టుకుంటుంది గాని 100 లీటర్ల తొట్టి తట్టుకోలేదు. టాప్ ఆఫ్ డబ్బాలో ఎప్పుడూ మంచినీరే, అంటే ఉప్పు కలపని శుద్ధ నీరే ఉండాలి.

విద్యుత్ భద్రత విషయంలో రాజీ పడకండి. సాకెట్లన్నీ లీకేజీ కరెంటును పసిగట్టి ఆగిపోయే రక్షణ స్విచ్ వెనుక ఉండాలి. ప్రతి తీగా సాకెట్‌కు వచ్చే ముందు కిందికి వంపు తిరిగి రావాలి. అప్పుడు తీగ వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, సాకెట్‌లోకి పోదు.

3. నీటిని నిలకడకు తేవడం

ఉప్పు మిశ్రమం లీటరుకు సుమారు 35 నుంచి 38 గ్రాములు పడుతుంది. కచ్చితమైన కొలత పొట్లం మీద చూసి, కలిపాక రిఫ్రాక్టోమీటరుతో నిర్ధారించుకోండి. రాళ్లు, నీరు, బ్యాక్టీరియా ద్రావణం వేసి, అమోనియా, నైట్రైట్ రెండూ పెరిగి మళ్లీ సున్నాకు వచ్చేదాకా ఆగాలి. దీనికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత గోధుమ రంగు పూత, పచ్చని నాచు వంతుల వారీగా వచ్చి పోతాయి. మందులు పోసి వాటిని తరిమే ప్రయత్నం చేయకండి. నత్తలను వదిలి, ఓపిక పట్టండి.

నేను పాటించే కొలతలు ఇవి:

- ఉష్ణోగ్రత: 25 నుంచి 26 డిగ్రీల సెల్సియస్
- లవణీయత: 35 పీపీటీ
- ఆల్కలినిటీ: 8 నుంచి 9 డీకేహెచ్
- కాల్షియం: 420 పీపీఎం (పది లక్షలకు 420 వంతులు) అటూ ఇటూ
- మెగ్నీషియం: 1300 నుంచి 1350 పీపీఎం
- నైట్రేట్: 5 నుంచి 10 పీపీఎం
- ఫాస్ఫేట్: 0.03 నుంచి 0.1 పీపీఎం

చివరి రెండింటి గురించి ఒక మాట. నీరు ఎంత స్వచ్ఛంగా ఉంటే అంత మంచిదని నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ సున్నాకు దింపేవారు ఉన్నారు. పగడాలకు అవి ఆహారం. అవి లేకపోతే రంగు వెలిసిపోతుంది, పెరుగుదల ఆగిపోతుంది, పైగా డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు ఇసుక మీద బుడగలతో కూడిన జిగురు పొరలాగా కమ్ముకుంటాయి. వాటిని వదిలించుకోవడం కంటే రెండు చేపలు పెంచి, వాటికి సరిగ్గా మేత వేయడం చాలా తేలిక.

వెలుతురు రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు చాలు. మెత్తని పగడాలకు 50 నుంచి 120 పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురు కొలత), పెద్ద పాలిప్‌ల (పాలిప్ అంటే నోరు, తీగలు ఉన్న ఒక్కొక్క పగడపు జీవి) రాతి పగడాలకు 80 నుంచి 150, చిన్న పాలిప్‌ల రాతి పగడాలకు 200 నుంచి 350 ఉంటే బాగా పెరుగుతాయి. పార్ మీటరు కొనలేకపోతే ఒక రోజుకు అద్దెకు గాని, తోటి పెంపకందారు దగ్గర గాని తెచ్చుకొని, తొట్టిలో ఏ మూల ఎంత వెలుతురు పడుతుందో కాగితం మీద పటం గీసుకోండి. ఆ పటం ఏళ్ల తరబడి పనికొస్తుంది.

4. ఆల్కలినిటీ లెక్క

రాతి పగడం తన అస్థిపంజరాన్ని నీటిలోని కాల్షియంతోనూ కార్బనేట్‌తోనూ కట్టుకుంటుంది. పగడాలు పెరిగేకొద్దీ ఈ రెండూ తరుగుతాయి. తరిగినంత ఏ రోజుకారోజు తిరిగి ఇవ్వడమే పెంపకంలో అసలు పని.

ముందు వాడకం కొలవండి. వరుసగా కొన్ని రోజులు, ఏమీ కలపకుండా, రోజూ ఒకే గంటకు ఆల్కలినిటీ పరీక్షించండి. 120 లీటర్ల తొట్టిలో రాళ్లు, ఇసుక పోగా 100 లీటర్ల నీరు ఉందనుకుందాం. సోమవారం సాయంత్రం 8.6 డీకేహెచ్, బుధవారం అదే వేళకు 8.0 వచ్చాయంటే రోజుకు 0.3 డీకేహెచ్ ఖర్చవుతున్నట్టు. 100 లీటర్ల నీటిలో 1 డీకేహెచ్ పెంచడానికి సుమారు 3 గ్రాముల సోడియం బైకార్బనేట్ పడుతుంది. కాబట్టి ఈ తొట్టికి రోజుకు సుమారు 0.9 గ్రాము కావాలి. అంతే మోతాదును శుద్ధ నీటిలో కరిగించి, నీటి ఒరవడి బలంగా ఉన్నచోట నెమ్మదిగా పోయాలి.

పగడాలు 1 డీకేహెచ్ వాడుకునేటప్పుడు దానితోపాటు సుమారు 7 పీపీఎం కాల్షియం వాడుకుంటాయి. అందుకే కాల్షియం తరుగుదల పరీక్షలో వెంటనే కనబడదు, ఆల్కలినిటీ తరుగుదల మాత్రం రెండు రోజుల్లోనే కనబడుతుంది. రోజూ కొలవవలసింది ఆల్కలినిటీ. కాల్షియం వారానికోసారి, మెగ్నీషియం రెండు వారాలకోసారి చూస్తే చాలు.

ఇక్కడ మూడు నియమాలు తప్పకూడదు.

- కాల్షియం ద్రావణాన్నీ ఆల్కలినిటీ ద్రావణాన్నీ ఒకే పాత్రలో కలపకూడదు. తొట్టిలో కూడా ఒకదాని వెంట ఒకటి ఒకే చోట పోయకూడదు. రెండూ కలిస్తే తెల్లని సున్నంలా పేరుకుపోతాయి.
- ఒక్క రోజులో ఆల్కలినిటీని 0.5 డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచకండి.
- కొత్త పగడాలు పెట్టినా, పెద్ద కోత చేసినా వాడకాన్ని మళ్లీ మొదటి నుంచి కొలవండి.

రెండో నియమం ఎందుకో నాకు అనుభవం మీద తెలిసింది. పది రోజులు పరీక్ష చేయకుండా ఉండి, 6.5కు పడిపోయిన ఆల్కలినిటీని ఒక్క సాయంత్రంలో 9కి తెచ్చాను. తెల్లవారి దీపాలు వెలిగేసరికి బర్డ్స్‌నెస్ట్ అనే రాతి పగడం కొమ్మల మొదళ్ల దగ్గర గులాబీ రంగు కండ దూదిలా ఊడి నీటిలో వేలాడుతోంది, దాని వెనుక తెల్లని అస్థిపంజరం కనిపిస్తోంది. మూడు రోజుల్లో ఆ గుత్తి మొత్తం పోయింది. 6.5 దగ్గర అది పెరగడం తగ్గించిందే గాని చావలేదు. దాన్ని చంపింది నా తొందర.

5. ఏ పగడాలతో మొదలుపెట్టాలి

మొదటి ఆరు నెలలు గ్రీన్ స్టార్ పాలిప్, మష్రూమ్, జోవా, లెదర్ అనే మెత్తని పగడాలతోనే నడవండి. ఇవి చిన్న తప్పులను ఓర్చుకుంటాయి, త్వరగా పెరుగుతాయి. త్వరగా పెరిగేవి కాబట్టి అందరి దగ్గరా ఉంటాయి, గిరాకీ తక్కువ. చెయ్యి తిరగడానికి ఇవి తగినవి. గ్రీన్ స్టార్ పాలిప్‌ను, జీనియా అనే మరో మెత్తని పగడాన్ని మాత్రం ప్రధాన రాళ్లకు దూరంగా, విడిగా ఉన్న రాయి మీదే ఉంచండి. ఒకసారి ప్రధాన రాతి మీదికి పాకాయంటే గోకి తీసినా మళ్లీ వస్తాయి.

తర్వాత పెద్ద పాలిప్‌ల రాతి పగడాలైన క్యాండీ కేన్, డంకన్, కొమ్మలు వేసే రకం హామర్, ఫ్రాగ్‌స్పాన్‌ల వైపు వెళ్లండి. చిన్న తొట్టిలో పెంచి అమ్మడానికి ఇవే అన్నిటికన్నా అనువైనవని నా అభిప్రాయం. తలలు లెక్కపెట్టి అమ్మవచ్చు, కొమ్మ మీద ఎక్కడ కోయాలో స్పష్టంగా తెలుస్తుంది, గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. చిన్న పాలిప్‌ల రాతి పగడాలైన మాంటిపొరా, బర్డ్స్‌నెస్ట్ ఆ తర్వాతి మెట్టు. అదే కోవలోని అక్రొపొరాను ఏడాది పాటు ఆల్కలినిటీని నిలబెట్టగలిగినవారు మాత్రమే తలపెట్టాలి.

రకాలను ఎక్కువ పెట్టుకోకండి. 100 లీటర్ల తొట్టిలో ముప్పై రకాలు ఒక్కొక్క ముక్క చొప్పున ఉంటే ఏదీ తల్లి పగడంగా ఎదగదు. ఆరేడు రకాలను ఎంచుకొని, ఒక్కొక్కటి పిడికిలంత పెరగనివ్వండి. హామర్, ఫ్రాగ్‌స్పాన్ వంటివి రాత్రిళ్లు పొడవైన కాటు తీగలు చాచి పక్కవాటిని కాలుస్తాయి కాబట్టి వాటి చుట్టూ 15 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి.

6. కొత్త పగడం ఇంటికి వచ్చినప్పుడు

ఐప్టేసియా అనే కుట్టే సీ అనెమనీ, చదును పురుగులు, జోవాలను తినే నూడిబ్రాంక్‌లు (పెంకు లేని సముద్రపు నత్తలు), సన్‌డయల్ నత్తలు ఒక్క ముక్కతో పాటే వచ్చి తొట్టినంతా ఆక్రమిస్తాయి. పైగా అవి మీ దగ్గర నుంచి కొన్నవారి తొట్టిలోకీ వెళతాయి. అమ్మే ఉద్దేశం ఉన్నవారు ఈ అంచెను ఒక్కసారి కూడా దాటవేయకూడదు.

- సంచిని 15 నుంచి 20 నిమిషాలు తొట్టి నీటి మీద తేలనిచ్చి ఉష్ణోగ్రత సమం చేయండి.
- పగడం అంటించి ఉన్న పాత ప్లగ్‌ను (ముక్కను నిలిపే చిన్న బిళ్లను) వీలైతే తీసి పారేయండి. గుడ్లు ఎక్కువగా దాని అడుగునే ఉంటాయి.
- పగడాల కోసం అమ్మే డిప్ మందులో (పురుగులను వదిలించే ద్రావణంలో), సీసా మీద చెప్పిన మోతాదులో, చెప్పినంతసేపు ముంచి ఉంచండి. గొట్టపు పిచికారీతో నీటిని కొమ్మల సందుల్లోకి గట్టిగా కొట్టండి.
- వేరే పాత్రలోని శుభ్రమైన ఉప్పునీటిలో కడగండి. డిప్ నీరు ఒక్క చుక్క కూడా తొట్టిలోకి పోకూడదు.
- నాలుగు నుంచి ఆరు వారాలు విడి తొట్టిలో ఉంచి, వారానికోసారి డిప్ చేస్తూ భూతద్దంతో వెతకండి.

విడి తొట్టి ఎందుకంటే, డిప్ పెద్ద పురుగులను చంపుతుంది గాని వాటి గుడ్లను చంపదు. మాంటిపొరాను తినే నూడిబ్రాంక్, అక్రొపొరాను తినే చదును పురుగు, ఈ రెండింటి గుడ్లూ డిప్ తర్వాత కూడా పొదుగుతాయి. కనబడిన గుడ్ల గుంపును బ్లేడుతో గోకి తీసేయడమే మార్గం.

7. కోత

తల్లి పగడం కనీసం మూడు నెలలుగా మీ తొట్టిలో ఉండి, రోజూ పూర్తిగా విచ్చుకుంటూ, కొత్త పెరుగుదల చూపుతూ ఉంటేనే కోయండి. ఒక్క దఫాలో మూడో వంతు కంటే ఎక్కువ తీయకండి.

కోతకు ముందు బల్ల మీద ఇవన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకోండి:

- చేతి తొడుగులు, కంటికి పూర్తి రక్షణనిచ్చే కళ్లద్దాలు, మాస్కు
- ఎముకలు కోసే కత్తెర, కొత్త సర్జికల్ బ్లేడు
- జెల్ రకం సూపర్ గ్లూ, ఆరిన సిరామిక్ ప్లగ్‌లు
- తొట్టి నీటితో నింపిన రెండు పాత్రలు: ఒకటి కడగడానికి, ఒకటి గ్లూ ఆరడానికి
- అయోడిన్ డిప్, తుడవడానికి కాగితపు రుమాళ్లు
- వాడిన పనిముట్లు ముంచడానికి బ్లీచ్ ద్రావణం

జోవాలు: చేతికి చిన్న గాయం ఉన్నా ఆ రోజు జోవాలను ముట్టకండి. చాపలా పరచుకున్న అడుగు కండను రెండు పాలిప్‌ల మధ్య బ్లేడుతో గీసి, నెమ్మదిగా ఎత్తండి. పాలిప్‌ను నొక్కితే నీరు చిమ్ముతుంది, కళ్లద్దాలు అందుకే. జోవాలున్న రాతిని వేడినీటిలో ఉడకబెట్టడం, వేడినీళ్లు పోసి బ్రష్‌తో రుద్దడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. విషం ఆవిరితోనూ తుంపరలతోనూ కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఇలా ఇంట్లోవారంతా ఆసుపత్రి పాలైన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పని అయ్యాక నోట్లో చేదు లోహపు రుచి, ఒళ్లు తిమ్మిరి, ఊపిరాడకపోవడం, కళ్ల మంట కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, పాలిటాక్సిన్ పేరు చెప్పండి.

మష్రూమ్: గొడుగును నోటి మీదుగా రెండు లేదా నాలుగు భాగాలుగా కోయండి. ముక్కలు జారుడుగా ఉండటం వల్ల గ్లూ పట్టదు. చిన్న రాళ్లు పరిచిన డబ్బాలో వేసి, పైన వల కట్టి, నీటి ఒరవడి తక్కువగా ఉన్నచోట ఉంచితే ఒకటి నుంచి మూడు వారాల్లో వాటంతట అవే రాళ్లను పట్టుకుంటాయి.

లెదర్: ఒక్క వేటుతో కోయండి. కోసినప్పుడు ఘాటైన వాసనతో జిగురు వదులుతుంది, అది ఇతర పగడాలకు హానికరం. ఆ రోజు నీటిలో తాజా యాక్టివేటెడ్ కార్బన్ తప్పక ఉండాలి. ముక్కను రాతికి రబ్బరు బ్యాండుతో వదులుగా కట్టండి. బిగిస్తే బ్యాండు కండను తెంపేస్తుంది.

క్యాండీ కేన్, హామర్, ఫ్రాగ్‌స్పాన్: ఇక్కడ కంటికి పని ఎక్కువ. ముందు దీపం ఆర్పి, తల లోపలికి ముడుచుకునేదాకా ఆగండి. కొమ్మను వెలుతురుకు పట్టి చూస్తే పైన కండ కప్పిన భాగం, కింద వట్టి అస్థిపంజరం, రెండింటి మధ్య సన్నని అంచు కనిపిస్తుంది. ఆ అంచుకు రెండు మూడు సెంటీమీటర్ల కింద కత్తెర పెట్టి, ఒక్కసారిగా నొక్కండి. పటుక్కున విరిగితే కోత సరిగ్గా పడినట్టే. నలిగినట్టు అనిపిస్తే కత్తెర మొద్దుబారిందని అర్థం, రెండో కొమ్మ జోలికి పోకండి. గోడలా ఒకే వరుసలో పెరిగే హామర్‌ను కోయవద్దు, దానికి కండ మీదుగా కోయడం తప్ప దారి లేదు.

మాంటిపొరా, బర్డ్స్‌నెస్ట్: మూడు నాలుగు సెంటీమీటర్ల ముక్కలుగా తుంచండి. గోరంత ముక్కలు ఎక్కువ వస్తాయి గాని బతికేవి తక్కువ.

అంటించే వరుస ఇది. ముక్క అడుగును కాగితంతో అద్దండి. ప్లగ్ మీద బఠాణీ గింజంత గ్లూ పెట్టి, ముక్కను అందులో నిలిపి, పది సెకన్లు కదలకుండా పట్టుకొని, అలాగే నీటిలో ముంచండి. నీరు తగలగానే గ్లూ మీద తెల్లని పొర కట్టి గట్టిపడుతుంది. అయోడిన్ డిప్ అయ్యాక, అరలో కింది వరుసలో పెట్టండి.

8. గాయం మానే కాలం

మొదటి వారం వెలుతురు మామూలులో సగమే ఉండాలి, ఒరవడి మాత్రం కోసిన చోట మురికి నిలవనంత ఉండాలి. మొదటి మూడు రోజులు మేత వేయకండి.

అమ్మకానికి ఎప్పుడు సిద్ధమైనట్టు? క్యాలెండరు కంటే ప్లగ్ బాగా చెబుతుంది. జోవా పక్కన కొత్త పాలిప్ తల ఎత్తాలి. మాంటిపొరా అంచు గ్లూను కప్పుకొని ప్లగ్ మీదికి పాకాలి. హామర్ తల కోతకు ముందు ఎంత విచ్చుకునేదో అంత విచ్చుకోవాలి. సాధారణంగా గ్రీన్ స్టార్ పాలిప్‌కు రెండు వారాలు, జోవాలకు మూడు, లెదర్‌కూ కొమ్మల రాతి పగడాలకూ నాలుగు, మాంటిపొరాకు ఆరు వారాలు పడుతుంది. ఈరోజు కోసి రేపు పంపే ముక్క దారిలోనే చచ్చిపోతే ఆ నష్టం కొన్నవారిది కాదు, పెంచినవారిదే.

9. తరచూ జరిగే పొరపాట్లు

కోసిన హామర్ తల మీద గోధుమ రంగు జిగురు కనిపిస్తే అది బ్రౌన్ జెల్లీ. కుళ్లిన వాసన వస్తుంది, నీటి వెంట పక్క తలలకు పాకుతుంది. వేవ్‌మేకర్ ఆపి, జిగురును గొట్టంతో పీల్చి బయట పారబోసి, ముక్కను తీసి అయోడిన్‌లో ముంచండి. కండ సగానికి పైగా పోయి ఉంటే ఆ తలను వదులుకోండి, మిగతావాటిని కాపాడుకోండి.

ఐప్టేసియాను గోకకూడదు; చిరిగిన ప్రతి ముక్కా కొత్త ఐప్టేసియా అవుతుంది. ప్లగ్ మీద ఒక్కటే ఉంటే దాని మీద గ్లూ కప్పేయండి, లేదా ప్లగ్‌నే మార్చండి. ఐప్టేసియా ఉన్న ప్లగ్‌ను ఎన్నడూ అమ్మకండి.

కొత్త దీపం బిగించగానే పగడాలు తెల్లబడితే వెలుతురు ఎక్కువైందని గుర్తు. తీవ్రతను మూడో వంతు తగ్గించి, మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి. గోధుమ రంగుకు తిరిగితే వెలుతురు తక్కువగా గాని, పోషకాలు ఎక్కువగా గాని ఉన్నట్టు.

కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా ఏ పగడమూ విచ్చుకోకపోతే, ముందు రిఫ్రాక్టోమీటరును ప్రామాణిక ద్రావణంతో సరిచూడండి. లవణీయత 35 అని చూపిస్తూ నిజానికి 31 ఉన్న తొట్టిలో మిగతా ఏ దిద్దుబాటూ పనిచేయదు.

10. అమ్మకానికి పెట్టడం

నీలి దీపం కింద తీసిన ఫొటోలో ప్రతి పగడమూ నిప్పులా మెరుస్తుంది. అలాంటి ఒక్క ఫొటో చూపి అమ్మడం మోసంతో సమానం. ఒకటి తెల్లని వెలుతురులో, ఒకటి నీలి వెలుతురులో పసుపు ఫిల్టరుతో, ఒకటి కొలబద్ద పక్కన పెట్టి, మొత్తం మూడు ఫొటోలు చూపండి. అదే ముక్క ఫొటో ఇవ్వాలి, తల్లి పగడం ఫొటో కాదు.

పేరున్న రకమని మీకు కచ్చితంగా తెలిస్తేనే ఆ పేరు పెట్టండి. మూలం తెలియకపోతే రంగు, రకం చెబితే చాలు. ధరను తలల లెక్కన గాని, సెంటీమీటర్ల లెక్కన గాని నిర్ణయించండి. నెలకు అయ్యే కరెంటు, ఉప్పు, పరీక్ష కిట్లు, ప్లగ్‌ల ఖర్చును ఆ నెలలో సిద్ధమయ్యే ముక్కలతో భాగించి, చచ్చిపోయే ముక్కల వంతు కూడా అందులో కలపండి. అప్పుడు వచ్చేది మీ కనీస ధర. మొదటి అమ్మకాలు చేతికి చేతికి ఇవ్వగలిగినంత దగ్గరివారితోనే జరపండి. కొన్నవారి తొట్టిలో మీ ముక్క నెల తర్వాత ఎలా ఉందో తెలుసుకోవడం మీ పనితనానికి నిజమైన పరీక్ష.

11. ప్యాకింగ్

- పంపే ముందు రోజు మేత ఆపండి. ప్లగ్ అడుగున నాచు గోకి శుభ్రం చేయండి.
- ముక్కను నురుగు బిళ్లకు బిగించి, తలకిందులుగా నీటిలో వేలాడేలా చేయండి. లేదా మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో ప్లగ్‌ను అడుగుకు బిగించండి. కండ ఏ గోడకూ రాసుకోకూడదు.
- ఒక సంచికి ఒక్కటే ముక్క. సంచి మీద రెండో సంచి, రెండింటినీ విడివిడిగా కట్టండి.
- నీరు తొట్టి నీరే అయి, ముక్క పూర్తిగా మునిగేంత ఉండాలి. పైన కొంత గాలి వదలండి.
- లోపల నురుగు పలకలు అమర్చిన పెట్టెలో, సంచులు కదలకుండా కాగితాలు కుక్కండి.
- చలికి వేడి పొట్లం, ఎండకు చల్లని పొట్లం పెట్టండి. ఏదైనా కాగితంలో చుట్టి, సంచులకు తగలకుండా మూతకు అతికించండి.
- 24 గంటల్లో చేరే సర్వీసులో, వారం మొదట్లో పంపండి. సెలవు ముందు రోజు పంపితే పెట్టె గోదాములో ఉండిపోతుంది.

మొదటిసారి పార్శిల్ పంపే ముందు, ఒక చవకైన మష్రూమ్‌ను ఇలాగే కట్టి, మీ ఇంట్లోనే 24 గంటలు అటూ ఇటూ కదుపుతూ ఉంచి, విప్పి చూడండి. నీరు కారిందా, ఉష్ణోగ్రత ఎంత పడింది, ముక్క ఊడిందా అన్నవన్నీ కొనుగోలుదారు కంటే ముందు మీకే తెలుస్తాయి.

వాడిన నీటిని, చచ్చిన ముక్కలను, డిప్‌లో చచ్చిన పురుగులను కాలువలో గాని, సముద్రంలో గాని కలపకండి. ఊనోమియా అనే మెత్తని పగడం ఇలాగే మనుషుల చేతుల మీదుగా వెనిజులా తీరానికి చేరి, అక్కడి సహజ పగడపు దిబ్బలను కమ్మేసింది. నీటికి బ్లీచ్ పట్టించి ఒక రోజు ఉంచి, మురుగు గొట్టంలోనే పోయండి. చచ్చిన ముక్కలను మూటకట్టి చెత్తలో వేయండి.

12. పెట్టెలో పెట్టవలసిన చీటీ

ప్రతి పెట్టెలోనూ తడవని కవరులో ఒక చీటీ పెట్టండి. అందులో ఈ వివరాలు ఉండాలి:

- పగడం రకం, కోసిన తేదీ
- మీ తొట్టి ఆల్కలినిటీ, లవణీయత, ఉష్ణోగ్రత, ఆ ముక్క ఉన్నచోటి పార్
- సంచిని 20 నిమిషాలు తేలనివ్వాలని, సంచి నీటిని తొట్టిలో పోయకూడదని
- మీరు డిప్ చేసినా వారు మళ్లీ డిప్ చేయాలని
- మొదటి వారం తక్కువ వెలుతురులో ఉంచాలని
- జోవాలైతే చేతి తొడుగుల హెచ్చరిక, పెద్ద అక్షరాల్లో
- చచ్చి చేరితే రెండు గంటల్లోపు, సంచి విప్పకుండా ఫొటో పంపితే డబ్బు తిరిగి ఇస్తామని

కార్బన్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. రెండు వారాల తర్వాత ముక్క విచ్చుకోవడం లేదని ఫోను వస్తే, మొదట అడగవలసింది వారి ఆల్కలినిటీ ఎంత అని. ఆ అంకెను చీటీలోని మీ అంకె పక్కన పెట్టి చూస్తే, చాలాసార్లు సమస్య అక్కడే దొరుకుతుంది.